కేలరీల బావమరిది, చక్కెర వదిలిన బావ

జూన్ 2

బావా,

అక్కకి నమస్కారాలు. నీకు మాత్రం ముందు ఒక ప్రశ్న. నా బరువెంత ఉంటుందని నీ అంచనా? తొంభై అనుకుంటున్నావా? నేనూ అలాగే అనుకుంటూ హాయిగా బతికాను, మొన్న సోమవారం దాకా.

సోమవారం మా క్రేన్‌కి కొత్త నిచ్చెన బిగించారు. దాని మొదటి మెట్టు దగ్గర ఎర్రరంగు రేకు ఒకటి కొట్టారు: "నూరు కిలోలకు మించి ఎక్కరాదు." అందులో హెల్మెట్టూ, బూట్లూ, నడుముకి కట్టుకునే పనిముట్ల బెల్టూ అన్నీ కలిపేనట. ఇంజినీరు నన్ను సిమెంటు బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాడు. చుట్టూ ముప్పైమంది చూస్తున్నారు. నూట ఎనిమిది! కాటా పాడైందన్నాను. వెంటనే ఒక బస్తా పెట్టి చూపించాడు. బస్తా సరిగ్గానే తూగింది. నాకే చెడ్డపేరు వచ్చింది.

అంతవరకు పక్కనున్న పాత నిచ్చెన ఎక్కొచ్చట, ఆగస్టు ఇరవై ఎనిమిదిన దాన్ని తీసేసి నన్ను మళ్ళీ తూస్తారట. అప్పటికి నూరుకి దిగకపోతే నన్ను గోదాంలో కూర్చోబెట్టి బోల్టులు లెక్కపెట్టిస్తారు. నా కుర్చీలోకి ఇంకెవరో వస్తారు. పదహారేళ్ళుగా ఆ గాజు గదిలో కూర్చున్నాను బావా. అక్కణ్ణుంచి చూస్తే పడవలు గింజల్లా ఉంటాయి, ఇంజినీరు చీమలా ఉంటాడు. బోల్టుల మధ్య కూర్చుంటే ఇంజినీరు ఇంజినీరులాగే కనిపిస్తాడు.

అందుకని కేలరీల పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను. విషయం చాలా తేలిక. టన్ను ఇసుకైనా, టన్ను పూలకుండీలైనా నా కొక్కేనికి ఒకటే. అలాగే వంద కేలరీలు దేంట్లోంచి వచ్చినా ఒంటికి ఒకటే. రోజుకి పదిహేనువందలు దాటను, అంతే. ఏం తిన్నానన్నది నా ఇష్టం.

ఫోను చెయ్యలేదేమని అక్క అడిగితే చెప్పు. ఈ దీవి మొత్తం మీద సిగ్నల్ నా క్రేన్ గదిలో తప్ప ఎక్కడా రాదు. క్రేన్ గదిలో ఫోను నిషేధం. పడవ వారానికి మూడుసార్లు వస్తుంది కాబట్టి ఉత్తరాలే గతి.

నూట ఎనిమిది కిలోల
నీ బావమరిది

జూన్ 8

బామ్మర్దీ,

నీ ఉత్తరం అందింది. దుకాణంలో బల్ల మీద పెట్టి చదివాను కాబట్టి కొంచెం చక్కెర పాకం అంటింది. జవాబు రాసేముందు దాన్ని నాకకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. ఎందుకో చెబుతాను.

పోయిన వారం మీ అక్క నన్ను రక్తపరీక్షకి లాక్కెళ్ళింది. డాక్టరు కాగితం చూసి, "మీరేం పని చేస్తారు?" అన్నాడు. రొట్టెలూ కేకులూ చేస్తానన్నాను. "అదీ సంగతి!" అన్నాడు. చక్కెర గీత దాకా వచ్చి నిలబడిందట. ఇంకొక్క అడుగు వేస్తే గీత అవతలేనట. బరువు కూడా ఆరు కిలోలు తగ్గమన్నాడు. అంచేత మనమిద్దరం ఇప్పుడు ఒకే పడవలో ఉన్నాం. నువ్వు మాత్రం తెడ్డు తిరగేసి పట్టుకున్నావు.

కేలరీలు కేలరీలని ఒకటే గొడవేంట్రా? నేను ముప్పయ్యేళ్ళుగా ఓవెన్ ముందు నిలబడ్డవాణ్ణి. కట్టెల ఓవెన్ ఉన్న రోజుల్లో కట్టె ఎంత బరువుందని చూసేవాణ్ణి కాదు, ఏ కట్టె అని చూసేవాణ్ణి. ఒకటి భగ్గుమని మండి చప్పున ఆరిపోతుంది. ఇంకోటి మెల్లగా గంటలకొద్దీ కాలుతుంది. ఒళ్ళూ అంతే. చక్కెరా, మైదా, మొత్తం పిండి పదార్థాలన్నీ శత్రువులు. వాటిని ఆపేస్తే చాలు. మిగతావి కడుపునిండా తినొచ్చు. చీజూ, వెన్నా, గుడ్లూ, వేరుశెనగలూ ఎన్నైనా సరే లెక్కలోకి రావు. నిన్న మధ్యాహ్నం పావుకిలో చీజు తిన్నాను, మనసులో ఏ తప్పూ చేసినట్టు అనిపించలేదు.

మీ అక్క మాత్రం, "మీ ఇద్దర్లో ఎవరు చెప్పేది నిజం?" అని అడుగుతోంది. నేనే అని చెప్పాను. "అయితే తమ్ముడిదే నిజమై ఉంటుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లెక్కల పుస్తకం పడవలోంచి నీళ్ళలోకి విసిరేసి నా దారికి రా.

నీ మేలు కోరే
బావ

జూన్ 25

బావా,

నూట అయిదు! మూడువారాల్లో మూడు కిలోలు. ఇప్పుడేమంటావు?

ఎలా తగ్గానో విను. మా క్యాంటీన్‌లో తీపి బన్ను ఒకటి దొరుకుతుంది. పైన చక్కెర పాకం, మధ్యలో క్రీము. పుస్తకం ప్రకారం దానికి రెండువందల నలభై కేలరీలు. ఆరు బన్నులు తింటే పద్నాలుగువందల నలభై. మిగిలిన అరవై కేలరీలకి పాలు కలిపిన టీ. రోజంతా ఇంకేమీ ముట్టను. పొద్దున రెండు, పదింటికొకటి, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఒకటి. బన్నులు తింటూ బరువు తగ్గినవాణ్ణి ఈ దీవిలో ఎవరూ చూడలేదు. క్యాంటీన్ ఆవిడ నన్ను వింత జంతువులా చూస్తోంది.

ఒకటే చిక్కు. పొద్దున రెండు బన్నులు తిని ఎక్కుతానా, తొమ్మిదిన్నరకల్లా కడుపులో ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు. పదకొండింటికి చేతులు సన్నగా వణుకుతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి కింద ఉన్న సిమెంటు బస్తాలు కూడా బన్నుల్లాగే కనిపిస్తున్నాయి. కింద నిలబడి నాకు చేతులతో సైగలు చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మేమందరం సైగలాయన అంటాం, ఆయన నిన్న, "నువ్వు నన్ను చూసే చూపు నాకేం నచ్చడం లేదు" అన్నాడు. ఆయన కొంచెం గుండ్రంగా ఉంటాడులే.

ఈ కాగితం చివరిదాకా వచ్చింది, ఇంకో కాగితం తీస్తున్నాను.

ఇంతకీ చివరికి చెప్పొచ్చేదేమిటంటే, ఆగస్టు ఇరవై ఎనిమిదితో అంతా తేలిపోతుంది బావా. ఆ రోజు నేను పైకి పోవడమో, కింద మిగలడమో. పైకి పోవాలనే నా కోరిక. ఇన్నేళ్ళు కష్టపడ్డవాడికి అంతకంటే ఏం కావాలి? ఈ సంగతి అక్కకి చెప్పి కంగారు పెట్టకు.

నీ
బావమరిది

జూలై 1

బామ్మర్దీ,

మూడు కిలోలన్నావు, సంతోషం. కానీ నేను చేసిన పని ముందు అదెంత?

దాన్ని వదిలేశాను.

అవును. ఇన్నేళ్ళుగా నాతో ఉన్నదాన్ని. పొద్దున లేచి దాని మొహం చూడకుండా నేను ఏ పనీ మొదలుపెట్టినవాణ్ణి కాదు. మొదట్లో ఎంత తియ్యగా ఉండేదో నీకు తెలుసు. కానీ మెల్లమెల్లగా నా ప్రాణం తోడేస్తోందని ఈ వయసులో అర్థమైంది. డాక్టరు కూడా, "ఇంకా దాంతోనే ఉంటారా? వదిలించుకోండి" అన్నాడు. ఆదివారం గుండె రాయి చేసుకుని ఇంట్లోంచి పంపించేశాను. ఎదురింటి దర్జీ వచ్చి తీసుకెళ్ళాడు. ఆయన చాలా సంబరపడ్డాడు. భార్య పోయినప్పటి నుంచి ఇంట్లో ఏ తీపీ లేదట, ఇక కాస్త బతుకు బాగుంటుందన్నాడు. తీసుకెళ్ళనీ. నాకేం బాధ లేదు. అంటే, ఉంది. సాయంత్రం టీ వేళకి కిటికీలోంచి చూస్తే వాళ్ళింట్లో బల్ల మీద కనిపించింది. నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

ఇకమీదట దాని పేరు కూడా ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరంలో కూడా రాయను. నువ్వూ నా ముందు ఆ పేరెత్తకు.

గట్టివాడైన
నీ బావ

జూలై 6

రొట్టెల దుకాణం యజమాని గారికి,

మీ ఉత్తరం అందింది. ఇకమీదట మిమ్మల్ని బావా అని పిలవాలో వద్దో తేలేవరకు మీరు అనే రాస్తాను.

మా అక్కని దర్జీకి ఇచ్చేశారా? ఇచ్చేయడానికి ఆవిడేమైనా చొక్కా గుడ్డా? "మొదట్లో తియ్యగా ఉండేది" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? "అది" అట, "దాన్ని" అట! పైగా పేరు కూడా ఎత్తకూడదట! ఆ డాక్టరెవడో నాకు చెప్పండి, వాడి సంగతి తరవాత చూస్తాను. చీజు తింటే ఒళ్ళే అనుకున్నాను, బుర్ర కూడా గడ్డ కడుతుందని ఇప్పుడే తెలిసింది.

మీ ఉత్తరం వల్ల నా చేత ఏం పని జరిగిందో కూడా వినండి. పదింటి బన్ను తినడానికి దిగినప్పుడు చదివాను. ఆ బన్ను కూడా సహించలేదు, అలాగే పైకెక్కేశాను. పదకొండు దాటింది. కళ్ళ ముందు నీలంగా చుక్కలు. మా ఇంజినీరు ఆఫీసు ఒక ఇనుప పెట్టెలాంటి గది. దాన్ని మధ్యాహ్నం వేరేచోటికి జరపాలని ముందే కొక్కేనికి తగిలించి ఉంచారు. సైగలాయన చెయ్యి పైకెత్తి గిరగిరా తిప్పాడు. ఎత్తమన్నాడనుకున్నాను. ఎత్తాను. నిజానికి ఆయన మొహం మీద వాలిన కందిరీగని తోలుతున్నాడు. కళ్ళజోడు మర్చిపోయానని ఇంజినీరు అప్పుడే గదిలోకి వెళ్ళాడు.

ఇరవై అడుగులు లేచాక కిటికీలోంచి ఇంజినీరు తల బయటికి వచ్చింది. కిందనుంచి అందరూ ఒకటే అరుపులు. దించబోయాను. ఆయన వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు! తీరా చూస్తే చెవి దగ్గర ఫోను. ఆ ఎత్తులో ఆయనకి సిగ్నల్ దొరికింది. ఆర్నెల్ల తరవాత కూతురితో మాట్లాడుకున్నాడు. పావుగంట సేపు అలాగే వేలాడదీయించుకున్నాడు. దిగి వచ్చి మొదట దండం పెట్టాడు, తరవాత తిట్టాడు, ఆ తరవాత నన్ను మందుల గదికి పంపించాడు. అక్కడి నర్సమ్మ వారంపాటు నన్ను క్రేన్ ఎక్కొద్దంది.

ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. అయ్యుంటే ఆ పాపం సగం మీదే.

అక్క ఏ స్థితిలో ఉందో వెంటనే రాయగలరు. దర్జీకి చెప్పండి, నేను ఇంకా నూట నాలుగు కిలోలున్నాను, అందులో సగం కోపమే.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు

జూలై 8

బామ్మర్దీ,

కొంప మునిగింది. మీ అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

నిన్న దుకాణం నుంచి వచ్చేసరికి తలుపుకి తాళం. లోపల ఆవిడ చేతిసంచీ లేదు, గొడుగు లేదు. వంటింటి పలక మీద "నేను వెళ్తున్నాను, నన్ను ఆపొద్దు" అని ఒక్క ముక్క. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నాకు రాసిన మొదటి ఉత్తరం ఇదేరా.

తప్పు నాదే. దాన్ని వదిలేసినప్పటి నుంచి నా నోరు నా మాట వినడం లేదు. ఎవరేమన్నా కస్సుమంటున్నాను. మొన్న దుకాణానికొచ్చిన ఒకావిడని పుట్టినరోజు కేకు మీద ఏం రాయమంటారని అడిగి, చెప్పేలోపల "మీకెందుకు పుట్టినరోజులు?" అన్నానట. మీ అక్కని కూడా కూరలో ఉల్లిపాయ తియ్యగా ఉందని సతాయించాను. ఉల్లిపాయలో కూడా పిండి పదార్థం ఉంటుందని ఎవరో చెబితే గిన్నెలోంచి ముక్కముక్కా ఏరి పక్కన పెట్టాను. ఆవిడ గరిటె పట్టుకుని చాలాసేపు నన్నే చూసింది. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

మొదట అది పోయింది. ఇప్పుడు మీ అక్కా పోయింది. చీజు మాత్రం ఇంకా ఉంది.

ఇంకో సంగతి. ఎవరికీ చెప్పకు. బరువు చూసుకున్నాను. రెండున్నర కిలోలు పెరిగాను. ఒక్క పిండి రేణువు కూడా మింగకుండా ఎలా పెరిగానో నాకు అంతుపట్టడం లేదు. గాలిలో మైదా ఎగురుతుంది కదా దుకాణంలో, ఊపిరితో లోపలికి వెళ్తోందేమో.

మీ అక్క నీకేమైనా రాసిందా? నీ కిందటి ఉత్తరం మళ్ళీ చదువుదామంటే మొదటి కాగితమే దొరికింది, పిండి ట్రే కింద. రెండోది ఎక్కడికి పోయిందో తెలియదు.

దిక్కుతోచని
బావ

జూలై 11

బావా,

మళ్ళీ బావా అనే రాస్తున్నాను, చూసుకో. కంగారు పడకు. అక్క ఇక్కడుంది.

నిన్న పొద్దుటి పడవలో దిగింది. నేను క్రేన్ ఎక్కకూడదు కాబట్టి రేవు దగ్గర తాళ్ళు చుడుతున్నాను. ఒక గొడుగు జనాన్ని తోసుకుంటూ నావైపు వస్తోంది. చూస్తే అక్క. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయున్నాయి.

"బతికే ఉన్నావురా?" అంది.

"ఉన్నానక్కా. ఏమైంది?"

"మరి ఇరవై ఎనిమిదిన పైకి పోతానని రాశావు! అదే నీ కోరికని రాశావు! అక్కకి చెప్పొద్దని కూడా రాశావు!"

"పోతానే. రోజూ పోతాను. ఎనిమిదింటికి పోయి అయిదింటికి దిగుతాను. క్రేన్ పైకి!"

అక్క గొడుగు ముడిచి దాంతో నాలుగు వడ్డించింది. రేవులో ఉన్నవాళ్ళంతా పని ఆపి చూశారు. నా రెండో కాగితం మీ వంటింట్లో ఉప్పు డబ్బా కింద దొరికిందట, మొదటిది దొరకలేదట. నేను చావడానికి ముహూర్తం పెట్టుకున్నాననుకుని మూడు బస్సులు మారి, పడవెక్కి వచ్చింది. నీకు చెబితే నువ్వు చీజు సంచీ వేసుకుని వెంట వస్తావని చెప్పలేదట.

దెబ్బలయ్యాక నేను మెల్లగా అడిగాను. "అక్కా, ఇప్పుడు నువ్వు దర్జీ ఇంటినుంచే వస్తున్నావా?"

"దర్జీ ఇంట్లో నాకేం పని?"

నీ ఉత్తరం జేబులోనే ఉంది. ఇచ్చాను. సగం చదివేసరికి తాళ్ళ చుట్ట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ చెప్పలేక చెప్పలేక చెప్పింది. "ఒరేయ్, ఆయన వదిలేసింది చక్కెర రా! డబ్బాతో సహా దర్జీకిచ్చాడు. నేనే వద్దు వద్దంటుంటే ఇచ్చాడు!"

బావా, ఆ మాట వినగానే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను పోస్టు చేసిన ఉత్తరం ఈపాటికి నీకు చేరే ఉంటుంది. చేరకపోతే చదవకుండా ఓవెన్‌లో పడెయ్. చదివేసి ఉంటే మాత్రం నేను రాసిన ప్రతి "మీరు"కీ నీ కాళ్ళు పట్టుకుంటాను.

సాయంత్రం అక్క నన్ను నర్సమ్మ దగ్గరికి లాక్కెళ్ళి మన ఇద్దరి సంగతీ పూర్తిగా చెప్పేసింది. నా పుస్తకం చూపించింది. నీ చీజు గురించి చెప్పింది. నర్సమ్మకి చాలా ఓపిక.

"బరువు తగ్గాలంటే ఒంట్లో ఖర్చయ్యేదానికంటే తక్కువ కేలరీలు తినాలి. అంతవరకు మీ లెక్క తప్పు కాదు" అంది నాతో. నేను అక్కవైపు గర్వంగా చూశాను. "కానీ ఆరు బన్నులతో ఆ లెక్క ఎన్నాళ్ళు నిలబెడతారు? మైదా, చక్కెర గబగబా అరిగిపోతాయి. గంటన్నరకే మళ్ళీ ఆకలి. బలానికి కావాల్సిన ప్రొటీనూ లేదు, పీచూ లేదు. అందుకే చేతులు వణికాయి, అందుకే ఇంజినీరుగారు గాల్లోకి లేచారు. అవే పదిహేనువందలు గుడ్లు, చిక్కుళ్ళు, కూరలు, కాస్త ముతక రొట్టెలో తినండి, తేడా మీకే తెలుస్తుంది. అసలు మీ ఒడ్డూ పొడుగుకి పదిహేనువందలు కూడా తక్కువే, పద్దెనిమిది వందలు తినండి."

"మరి మా ఆయన?" అంది అక్క.

"ఆయనకున్న ఇబ్బందికి చక్కెర, మైదా తగ్గించడం మంచిదే. కానీ చీజుకీ వేరుశెనగలకీ కేలరీలుండవని ఆయనకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఆయనే అనుకున్నాడు."

అక్క బుధవారం పడవకి బయల్దేరుతుంది. అంతవరకు ఉల్లిపాయలు ఏరకుండా తిను.

సిగ్గుతో,
నీ బావమరిది

జూలై 16

బామ్మర్దీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. పోస్టుమ్యాన్ ముందు "మీరు" ఉత్తరం ఇచ్చాడు, రెండోది సంచీ అడుగున ఉందని గంట తరవాత తెచ్చాడు. ఆ గంటసేపు నేను పడ్డ అవస్థ చెప్పను.

కొంచెం మనసుకి కష్టమనిపించిన మాట నిజం. ఇరవై రెండేళ్ళ కాపురం మీద నీకున్న నమ్మకం ఇంతేనా? మీ అక్కని నేను వదిలేస్తానా? వదిలేస్తే నా కళ్ళజోడు ఎక్కడుందో నాకెవరు చెబుతారు? అయినా దర్జీ వయసు డెబ్భై ఎనిమిది. నీ ఉత్తరం చదువుతున్నప్పుడు ఆయన దుకాణంలోనే ఉన్నాడు, బ్రెడ్డు కోసం వచ్చి. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి, "నాకైతే అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. నేను నవ్వి నెలైంది.

మీ అక్క నిన్న ఇల్లు చేరింది. గుమ్మంలోనే నా చేతిలోంచి చీజు లాక్కుంది. ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చక్కెర గీతనుంచి కొంచెం వెనక్కి తగ్గిందట. చూశావా! అయితే బరువు మూడు కిలోలు పెరిగింది. డాక్టరు, "రోజూ ఏం తింటున్నారు?" అన్నాడు. చెప్పాను. ఆయన కాగితం మీద కూడుతూ కూడుతూ, ఒకచోట ఆగిపోయి, "వేరుశెనగలు ఎన్ని?" అన్నాడు. "ఒక డబ్బా" అన్నాను. "నెలకా?" అన్నాడు. జవాబు మీ అక్క చెప్పింది.

చివరికి నర్సమ్మ చెప్పిందే ఆయనా చెప్పాడు. నన్ను కూడా లెక్కపెట్టుకోమన్నాడు. నీ దగ్గరున్నటువంటి పుస్తకమే కొన్నాను. ఎవరికీ చెప్పకు.

ముడిగోధుమ పిండిలో అవిసెగింజలు కలిపి ముతక రొట్టె ఒకటి చేశాను. నీ కోసం పడవకి వేశాను. రాయిలా ఉంటుంది. పూటకి రెండు ముక్కలు. మొదటి ముక్క నమిలేసరికే నీ కోపం అంతా తీరిపోతుంది, రెండో ముక్క తినే ఓపిక ఉండదు.

బావ

ఆగస్టు 28

బావా,

నూరు కిలోల ఆరువందల గ్రాములు.

బెల్టు ఉండాల్సిందేనన్నాడు ఇంజినీరు. బూట్లకంటుకున్న మట్టి కూడా గోకేశాను. గడ్డం గీసుకున్నాను. ఆయనకీ బాధగానే ఉంది, "రూలు రూలే కదయ్యా" అన్నాడు. రెండువారాల గడువిచ్చాడు. అంతవరకు గోదాం. నా కుర్చీలోకి అవతలి రేవునుంచి ఒక సన్నటివాడు వచ్చాడు. వాడు నిచ్చెన ఎక్కుతుంటే నిచ్చెనకి తెలియను కూడా తెలియదు.

ఇవాళ బోల్టులు నాలుగువేల రెండొందలు లెక్కపెట్టాను. కాసేపటికి ఒక తీపి బన్ను కొన్నాను. చేత్తో పట్టుకుని గోదాం గుమ్మంలో నిలబడి పైకి చూశాను. నా గదిలో వాడు కూర్చుని ఉన్నాడు. అద్దం కూడా తుడవలేదు. బన్ను సైగలాయనకిచ్చేసి, రేవు చివరిదాకా నడిచి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏమీ తోచక
బావమరిది

సెప్టెంబరు 2

ఒరేయ్ పిచ్చోడా,

ఆరువందల గ్రాములంటే నా దగ్గర ఒక చిన్న కేకు. ఏడు కిలోల పైన కరిగించినవాడివి చిన్న కేకుకి భయపడతావా? తిండి మానేసి మాత్రం తగ్గించకు. అలా చేస్తే మళ్ళీ ఎవర్నో గాల్లోకి లేపుతావు. రొట్టె, చిక్కుళ్ళు, కూర ఎప్పటిలాగే తిను. రేవు చివరిదాకా నడిచానన్నావు కదా, అలాగే రోజూ నడువు.

నేనిక్కడ నీతో సమంగా నడుస్తాను. పొద్దున్నే ఓవెన్ వెలిగించే ముందు నాలుగు వీధులు చుట్టొస్తాను. దర్జీ కూడా వస్తానన్నాడు. ఆయన నాకంటే ముందు నడుస్తున్నాడు, అది వేరే సంగతి.

బావ

సెప్టెంబరు 12

బావా!!

తొంభై తొమ్మిది కిలోల నాలుగువందల గ్రాములు! బూట్లతో, బెల్టుతో, హెల్మెట్‌తో!

ముప్పైమందీ మళ్ళీ వచ్చారు. కాటా ముల్లు వణికి వణికి ఆగింది. ఇంజినీరు రెండుసార్లు చూసి, చెయ్యి చాపి నిచ్చెన చూపించాడు. ఎక్కాను బావా. ఇదివరకు సగంలో ఆగి ఆయాసం తీర్చుకునేవాణ్ణి, ఇవాళ ఆగలేదు. పైకి చేరాక మొదట చేసిన పని అద్దం తుడవడం. తరవాత కుర్చీలో కూర్చుని కిందికి చూశాను. పడవలన్నీ గింజల్లాగే ఉన్నాయి. కళ్ళు తుడుచుకున్నాను, అది అక్కకి చెప్పకు. అంటే, ఈసారి కాగితం ఒకటే కాబట్టి ఎలాగూ చదువుతుందిలే.

ఇక అసలు విషయం. ఒప్పుకో. కేలరీలు లెక్కపెట్టడం వల్లే తగ్గాను. రుజువు కావాలంటే నా పుస్తకం ఆఖరి నెల పేజీలు విడిగా పంపుతున్నాను. నేనే గెలిచాను.

తొంభై తొమ్మిదిన్నర కూడా లేని
నీ బావమరిది

సెప్టెంబరు 17

బామ్మర్దీ,

మీ అక్క నీ ఉత్తరం మొదటి ముక్క చదివి వీధిలోకి పరిగెత్తి అందరికీ చెప్పింది. దర్జీ మిషను ఆపి చప్పట్లు కొట్టాడు. నేను కూడా సంతోషించాననుకో. ఎంతో చెబితే నెత్తికెక్కుతావు. నేను అయిదు కిలోలు తగ్గాను. చక్కెర గీతకి బాగా ఇవతలే ఉంది. ఇప్పుడు దాని పేరు రాసినా నాకేం కావడం లేదు. ఆదివారం పూట టీలో అరచెంచా వేసుకుంటున్నాను. దర్జీయే తెచ్చి ఇస్తాడు.

కానీ నువ్వు గెలిచానన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. నువ్వు ఆ బన్నులు మానేశాకే మనిషివయ్యావు. చక్కెరా మైదా ఆపడం వల్లే తగ్గావు. గెలిచింది నేను. ఇదే మాట మీ అక్కతో గట్టిగా అన్నాను.

ఆవిడేం చేసిందంటే, నీ లెక్కల పుస్తకం ఆఖరి నెల పేజీలు పంపావు కదా, అవి తీసుకొచ్చి నా పుస్తకం పక్కన పెట్టింది. వేలు పెట్టి వరసగా చదివింది. గుడ్లు, గుడ్లు. చిక్కుళ్ళు, చిక్కుళ్ళు. కూర, కూర. రెండు ముక్కల రొట్టె, రెండు ముక్కల రొట్టె. ఒకే తిండిరా. నువ్వు దాన్ని కేలరీలు తగ్గించడం అంటున్నావు, నేను చక్కెర మానడం అంటున్నాను.

"ఇప్పుడు చెప్పండి, ఏ విషయం మీద మీ ఇద్దరికీ తేడా?" అంది.

చాలాసేపు వెతికాను. దొరకలేదు. సాయంత్రమంతా దుకాణంలో ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగాను. మీ అక్కని చేసుకున్న రోజునుంచి నువ్వూ నేనూ ఒక్క విషయం మీదైనా కలిశామా? ఇప్పుడిలా కలిసిపోయి కూర్చుంటే ఇక ఉత్తరాల్లో ఏం రాసుకుంటాం?

అందుకని ఒక ప్రశ్న పంపిస్తున్నాను. మనిషి ఉప్పు తగ్గించాలా, అక్కర్లేదా? బాగా ఆలోచించి నీ అభిప్రాయం రాయి. అది ఏదైనా సరే, నాది దానికి వ్యతిరేకం.

నీ
బావ